పెదాల పాట

మైకు స్టాండు మెడకు నీలం కండువా బిగించి ముడి వేసి ఉంది.

ముందుగది నడిమధ్య నిలబెట్టిన ఆ స్టాండును దాటందే ఎవరూ వంటింట్లోకి పోలేరు, వీధిలోకి రాలేరు. పొద్దుటినుంచి ఇంటిల్లిపాదీ దానికి ఒళ్ళు తగలకుండా ఓరగా నడుస్తున్నారు. ముడి వేసిందెవరో అందరికీ తెలుసు. విప్పే ధైర్యమే ఒక్కరికీ లేదు.

"అచ్చం ఉరి తీసినట్టుందిరా," అంది నాయనమ్మ కిటికీ పక్క కుర్చీలోంచి. "ఆఖరి కోరిక ఏమిటో అడిగావా పాపం?"

"అమ్మా, కాసేపు ఊరుకో."

"నేను ఊరుకునే ఉన్నాను నాయనా. నిన్న నువ్వు ఊరుకుని ఉంటే ఇవాళ ఇంత మంది ఊరుకోవాల్సిన అవసరం ఉండేదా?"

మైకాయన స్క్రూడ్రైవరు అందుకున్నాడు. ఆయనకు తల్లి పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, సభలకూ సమావేశాలకూ మైకుసెట్లు కట్టీ కట్టీ ఆ పేరు ఎప్పుడో తుప్పుపట్టి రాలిపోయింది. ఇప్పుడాయన పనిబల్ల మీద నిన్నటి మైకు పొట్ట విప్పి పెట్టుకుని, లోపలి తీగల్ని ఒక్కొక్కటిగా కదిపి చూస్తున్నాడు. ఏ తీగా తెగలేదు. ఏ అతుకూ వదల్లేదు. ఆ సంగతి ఆయనకు నిన్ననే తెలుసు. తెలిసీ విప్పడం ఎందుకంటే, మైకులో తప్పు దొరికితే కూతురిలో వెతకనక్కర్లేదు గదా అని.

ఆయన మైకుల గొప్ప ఆయన నోటే వినాలి. చీమ తుమ్మితే పై వీధిలోవాళ్లు జేబురుమాలు తీస్తారట. ఒకసారి సభలో ఉపన్యాసం ఇచ్చే పెద్దమనిషి మాట మధ్యలో ఆవలించాడట. ఆ ఆవలింత స్పీకర్లలోంచి బయటపడి వీధి వీధికీ అంటుకుని, స్టేషన్లో రైలు నడిపేవాడితో సహా జనమంతా ఎక్కడివాళ్లక్కడ కునుకు తీశారట. అదేం లేదని ఎవరైనా అంటే, "నువ్వప్పుడు నిద్రలో ఉన్నావు, నీకేం తెలుస్తుంది" అంటాడు.

అలాంటి మైకు, నిన్న హాలులో, కన్నకూతురి నోటి ముందు మూగబోయింది.

పిల్లల బృందగానం అది. కండువాలు కట్టుకుని మూడు వరుసల్లో నిలబడ్డారు. వేదికకు రెండు పక్కలా రెండు మైకులు చాలునని పాటల టీచరు చెప్పింది. చాలు అనే మాట మైకాయన చెవికి ఎక్కితేగా. అంతమంది గొంతుల్లో నా పిల్ల గొంతు ఉప్పురాయిలా కరిగిపోవలసిందేనా అనుకుని, తెర తీసేలోగా మూడో మైకు తెచ్చి సరిగ్గా కూతురి మొహం ముందు నిలబెట్టాడు. ఆ పిల్ల మొహం తెల్లబోయింది. సిగ్గనుకున్నాడు.

పాట మొదలైంది. కూతురి పెదాలు ఒక్క అక్షరం తప్పకుండా కదులుతున్నాయి. మూడో మైకులోంచి చిన్న చప్పుడైనా రాలేదు. ఆయన వెనకనుంచి వంగుకుంటూ వేదిక ఎక్కి తీగ మార్చాడు. రాలేదు. మైకే మార్చాడు. రాలేదు. అప్పుడు వేలితో మైకు మీద తట్టి, వినయంగా, గుసగుసగా అడిగాడు.

"హలో, హలో. పాడమ్మా గంటా, వినపడటం లేదు."

అది మాత్రం స్పీకర్లన్నింట్లోంచీ బ్రహ్మాండంగా వినపడింది.

హాలు హాలంతా విరగబడి నవ్వింది. పాట ఆగిపోయింది. ఆ నవ్వులో ఆయన కూతురి కళ్ళలోకి చూశాడు. అప్పుడు అర్థమైంది, మైకు బాగానే ఉందని.

గంట అన్న ముద్దుపేరు ఆయన పెట్టిందే. పుట్టగానే ఆ పిల్ల ఏడ్చిన ఏడుపుకు ఆసుపత్రి పక్క బడి కాపలావాడు గంట కొట్టారనుకుని గేటు తీశాడని చెప్పుకుంటాడు. నిన్నటినుంచి ఆ గంట మోగలేదు. గదిలో గోడవైపు తిరిగి పడుకుంది.

భార్య పనినుంచి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి ఆవిడ చేతులెప్పుడూ వెచ్చగా ఉంటాయి. మాట మాత్రం చల్లగా ఉంటుంది.

"తిన్నదా?"

"ఎక్కడ. రొట్టె పెట్టింది పెట్టినట్టే ఉంది," అంది నాయనమ్మ. "నీ మొగుడు మాత్రం మైకు తింటున్నాడు, చూడు, ఎముకలు కూడా వదలట్లేదు."

మైకాయన స్క్రూడ్రైవరు బల్ల మీద పడేశాడు.

"ఏడాది," అన్నాడు. "ఏడాదినుంచి ఆ టీచరు నా కూతురి నోరు మూయించింది. పాట నేర్పమని పంపిస్తే నోరు మూసుకోవడం నేర్పింది. దానికి మనింట్లోనే మా అమ్మ ఉంది కదా, అంత దూరం పంపాలా?"

"నాకు తెలుసు," అంది భార్య.

"ఏం తెలుసు?"

"పెదాలు కదుపుతుందని. చలికాలంలోనే చెప్పింది నాతో."

మైకాయన లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"తెలిసీ నాకు చెప్పలేదా?"

"చెబితే ఏం చేసేవారో నిన్న చూశాం కదండీ."

నాయనమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దగ్గడానికి మాత్రం కాదు.

"నవ్వండి," అన్నాడు మైకాయన. "అందరూ నవ్వండి. దానికి మంచి చెయ్యబోయింది నేను. ఆడపిల్ల బడినుంచి వచ్చి గోడ చూస్తూ పడుకుంటుంటే దాన్ని లేపడానికి కాళ్లరిగేలా తిరిగింది నేను. ఈత నేర్పించానా? చదరంగంలో చేర్పించానా? ఎక్కడికి పంపినా వెన్నంటి ఉండి ప్రోత్సహించానా లేదా?"

"ప్రోత్సహించారు," అంది భార్య. "ఈతకొలను గట్టు మీద చేతిమైకు పట్టుకుని నిలబడి ప్రోత్సహించారు. 'కాళ్లాడించు గంటా, కాళ్లాడించు' అంటుంటే పక్క కొలనులో ముసలాళ్లు కూడా ఆడించారు. చదరంగంలో దాని వెనక కుర్చీలో కూర్చుని, అది గుర్రాన్ని పట్టుకున్నప్పుడల్లా నిట్టూర్చారు. అవతలి పిల్ల ఆ నిట్టూర్పులు వినే ఆట గెలిచింది."

"మరి ఈ పాటలకు నేను పంపలేదే. అదే వెళ్లింది. ఎందుకు వెళ్లింది, పాడాలనేగా?"

భార్య గదివైపు చూసింది. తలుపు సందులోంచి మంచం కోడూ, గోడవైపు తిరిగిన వీపూ కనిపిస్తున్నాయి. ఆ వీపు వింటోంది.

"దాన్నడగండి," అంది.

అడగలేదు. అడగడంకన్నా దెబ్బలాడటం తేలిక. చొక్కా మార్చుకుని, స్టాండు పక్కనుంచి ఓరగా జరిగి, వీధిలో పడ్డాడు.

*

హాలులో పాటల టీచరు ఒక్కతే నిన్నటి కుర్చీలు ఒకదాన్నొకటి ఎక్కించి గోడకు చేరుస్తోంది. సన్నగా పొడుగ్గా, ఊదితే పాట పలికేలా ఉంటుంది ఆవిడ. ఆయన్ని చూసి చేతిలో కుర్చీ కింద పెట్టింది, వదల్లేదు. దాని వీపు పట్టుకునే నిలబడింది.

"మీరు వస్తారనుకున్నాను."

"ఎందుకు రానండీ. మా అమ్మాయి నోరు మీ దగ్గరే ఉండిపోయింది. తీసుకుపోదామని వచ్చాను."

"కూర్చోండి."

"కూర్చుంటే కోపం చల్లారుతుంది. వద్దు."

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "మీ అమ్మాయికి శ్రుతి అందదు. మొదట్లో చాలా ప్రయత్నించాను. తను పాడితే అటుపక్క ఒకరూ ఇటుపక్క ఒకరూ దారి తప్పుతారు. ఆ సంగతి నాకన్నా ముందు తనకే తెలిసింది. మానేస్తానంది. వద్దు, నిలబడు, పెదాలు కదుపు, మిగతాది తరవాత చూద్దాం అన్నాను. మీరనుకుంటున్నట్టు నేను నోరు మూయించలేదు. చోటిచ్చాను."

"చోటా? బస్సులో కూడా ఇస్తారు చోటు. దానికి పాటెందుకు?"

"ఆ పిల్ల లేకపోతే రెండో వరుస నడవదు. ఎక్కడ ఊపిరి తీయాలో వాళ్లు నా చేతిని చూసి తీయరు, మీ అమ్మాయి భుజం చూసి తీస్తారు. ఎప్పుడూ తప్పదు."

"ఊపిరా," అన్నాడు మైకాయన. ఆయన గొంతు మైకు లేకుండానే హాలు చివరిదాకా వెళ్లింది. "ఊపిరి తీయడానికి బృందమెందుకండీ? మా ఇంట్లో ఎవరూ నేర్పకుండానే తీస్తుంది. అంత గొప్పగా పాటలు చెప్పే మీరు, ఒక్క పిల్లకు నాలుగు ముక్కలు పలికించలేక బొమ్మలా నిలబెట్టి, ఏడాదంతా మమ్మల్ని నమ్మించారు. పాడేవాళ్ల మధ్య పాడనిదాన్ని పెడితే దాన్ని ఏమంటారో తెలుసా? చేలో దిష్టిబొమ్మంటారు."

టీచరు మొహం ఎర్రబడింది. "ఆ మాట మీ అమ్మాయి ముందు అనకండి."

"మీకు చెప్పి లాభం లేదు. మీ పైవాళ్లకు చెబుతాను."

"చెప్పకండి," అంది ఆవిడ, ఈసారి గబగబా, దాదాపు బతిమాలినట్టు. "మీకు తెలియదు. కార్యదర్శిగారితో మాత్రం చెప్పకండి."

వద్దన్న తలుపే తట్టడం మైకాయన పుట్టుబుద్ధి. పక్కగదిలో హాలు కార్యదర్శి కిటికీ దగ్గర నిలబడి, ఎప్పుడో పిల్లలు గెలిచిన వెండిరంగు కప్పును మెత్తటి గుడ్డతో రుద్దుతున్నాడు. అందులో తన మొహం చూసుకుంటూ రుద్దుతాడు గనక దానికి మెరుపూ తగ్గదు, ఆయనకు విసుగూ పుట్టదు.

అంతా విన్నాడు. విన్నకొద్దీ గుడ్డ వేగం పెరిగింది.

"మోసం," అన్నాడు చివరికి.

ఆ మాట మైకాయనకు తేనెలా తగిలింది. నిన్నటినుంచి ఒక్కరైనా తన పక్షాన నిలబడ్డారు.

"అదేనండీ నేననేది."

"పోయినేడు పోటీలో మనం ఎందుకు ఓడామో ఇప్పుడు తెలిసింది. ఇలాంటి దొంగపెదాలు ఇంకెన్ని ఉన్నాయో. ఏమయ్యా, నీ మైకు అబద్ధం చెబుతుందా?"

"ప్రాణం పోయినా చెప్పదండీ."

"అయితే ఆదివారం నీ సెట్టు తీసుకురా. ఒక్కొక్కర్నీ నీ మైకు ముందు నిలబెడదాం. గొంతున్నవాళ్లు ఉంటారు, లేనివాళ్లు ఇంటికి పోతారు. ఇది పాటల బృందమా, పిల్లల్ని ఆడించుకునే చోటా?"

మైకాయన తల ఊపేశాడు. గుమ్మం దాటాక ఆయనకు ఏదో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. తాను అడగడానికి వెళ్లింది కూతుర్ని పాడించమని గదా, తెచ్చుకున్నదేమిటి అని. కానీ గెలిచి వస్తున్నవాడు కాలి కింద ముల్లు చూసుకోడు.

*

"ఆదివారం తేలిపోతుంది," అన్నాడు ఇంట్లో అడుగుపెడుతూనే. "ఒక్కొక్కర్నే పాడిస్తారట. నీకు శ్రుతి నేనే నేర్పిస్తాను గంటా. ఆ టీచరు చేతకానితనం హాలంతటికీ తెలియాలి."

మంచం కిర్రుమంది.

గంట గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. జుట్టు రేగి, ఒక చెంప మీద దిండు మడత అచ్చుపడి ఉంది. తండ్రిని చూడలేదు, స్టాండుకు వేలాడుతున్న కండువాను చూసింది.

"ఒక్కొక్కర్నా?"

"అవునమ్మా. నా మైకులోనే."

"నిన్ను ఎవరడిగారు నాన్నా?"

ఆ గొంతు విని నాయనమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"అడగాలా? తండ్రిని కాదూ?"

"నేనడిగానా? నన్ను పాడించమని, నాకోసం దెబ్బలాడమని, నా మొహం ముందు మైకు పెట్టమని నేనడిగానా?"

"నీ గొంతు నలుగురూ వినాలని..."

"నా గొంతు బాగోదు. నాకు తెలుసు, టీచరుకు తెలుసు, మా వరుసకంతా తెలుసు. వాళ్లెవ్వరికీ దాంతో పేచీ లేదు. నీకొక్కడికే ఉంది."

మైకాయనకు కోపం రావాలి, వచ్చింది. "పాట రానిదానివి పాటలకు ఎందుకు పోతావే మరి? ఈత నచ్చలేదు, చదరంగం నచ్చలేదు, నోరు మూసుకుని నిలబడటం నచ్చిందా?"

గంట గోడకు ఆనించిన చేతి గోటితో సున్నం గీకింది.

"ఈతకు నువ్వు పంపావు. చదరంగానికి నువ్వు పంపావు. అక్కడ నేను ఇంకా బాగా చెయ్యాలని అందరూ చూస్తూ ఉండేవాళ్లు. పాటలకు పొడుగుపిల్ల వచ్చి పిలిచింది. గుర్తుందా? ఈ గుమ్మంలోనే నిలబడి, 'మా వరుసలో ఒకరు తక్కువ, వస్తావా' అంది. బాగా పాడతావా అని అడగలేదు. ఒకరు తక్కువ అంది. అంతే. నేను ఈతకు వెళ్లకపోతే కొలనుకు తెలియదు. అక్కడికి ఒక్కరోజు వెళ్లకపోతే 'ఏదీ, గంట రాలేదా' అంటారు. అందుకు వెళ్తాను. చాలా?"

కుళాయి చుక్క ఒకటి వంటింట్లో గిన్నెలో పడింది.

"దానికోసం అబద్ధం..."

"అబద్ధమా? మూడో వరుస మగపిల్లల్లో సగం మంది పెదాలే నాన్నా. గొంతులు పగులుతున్నాయి వాళ్లకు. ఒకడు పాడబోతే మేక అరుపు వస్తుంది, ఒక్కోసారి తలుపు కిర్రూ వస్తుంది. గొంతు కుదిరేదాకా పెదాలు కదపండి, మానకండి అంది టీచరు. ఆదివారం నీ మైకు ముందు పోయేది నేనొక్కదాన్నే అనుకున్నావా?"

మైకాయన నోరు తెరిచాడు. ఈసారి ఆయన నోట్లోంచే ఏమీ రాలేదు.

"దిష్టిబొమ్మ అన్నావట నన్ను," అంది గంట. ఇప్పుడు గొంతు పూర్తిగా చల్లారిపోయింది. "పొడుగుపిల్ల హాలు కిటికీ కింద ఉంది, విన్నది, నువ్వు రాకముందే పరుగున వచ్చి నా కిటికీలోంచి చెప్పింది. పిట్టల్ని తోలేది దిష్టిబొమ్మ కదా. మా పిల్లలందర్నీ ఆదివారం తోలేది ఎవరు?"

లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. విసురుగా కాదు, మెల్లగా. విసురుగా వేసినా బాగుండేదనిపించింది ఆయనకు.

భార్య చల్లారిన రొట్టె తీసి మూత కింద పెట్టింది. నాయనమ్మ కుర్చీ కొడుకువైపు తిప్పుకుంది.

"నీ చిన్నప్పుడు," అంది, "నువ్వు వీధిలో గోలీలాడుతుంటే నేను ఒక్కసారైనా వచ్చి శభాష్ అన్నానా?"

"లేదు."

"అందుకే ఆడావు."

*

మర్నాడే కార్యదర్శిని వీధిలో ఎదురుపడి ఆపాడు మైకాయన. పరీక్ష వద్దులెండి, పిల్లలు గదా అన్నాడు. కార్యదర్శి ఆయన భుజం తట్టి, "నీ నిజాయితీకి నేను ముచ్చటపడ్డానయ్యా, ఇప్పుడు దాన్ని పాడుచెయ్యకు. సెట్టు నువ్వు తేకపోతే ఇంకొకడు తెస్తాడు, ఆ తరవాత ఈ హాలులో ప్రతి సభకూ వాడే తెస్తాడు," అని నవ్వి వెళ్లిపోయాడు. పులి మీసం పట్టి ఊగినవాడు దిగే దారి పులినే అడగాలి మరి.

ఆదివారం పొద్దున లేచేసరికి ముందుగదిలో స్టాండు మెడ బోసిగా ఉంది. కండువా లేదు. గదిలో గంటా లేదు.

హాలుకు తీగలు మోసుకుంటూ వెళ్లాడు. పిల్లలు అప్పటికే వేదిక మీద ఉన్నారు. అందరి మెడలకూ నీలం కండువాలు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఆ వయసువాళ్లు అంతమంది ఒకచోట చేరి మాట్లాడకపోవడం మైకాయన జన్మలో చూడలేదు. రెండో వరుస నడుమ గంట, పక్కన పొడుగుపిల్ల. మూడో వరుసలో ఒకచోట మనిషి పట్టేంత సందు ఉంది. అక్కడ నిలబడవలసిన కుర్రాడు పరీక్ష సంగతి విని ఇంట్లోనే ఉండిపోయాడని తీగలు పరుస్తుండగా టీచరు చెప్పింది. ఆయనవైపు చూడకుండా చెప్పింది.

ఆయన హాలు చివర తన పెట్టె ముందు కూర్చున్నాడు. కార్యదర్శి మొదటి వరుస కుర్చీలో కాలు మీద కాలు వేసుకున్నాడు.

"ముందు అందరూ కలిసి ఒకసారి. తరవాత ఒక్కొక్కరు. కానివ్వండి."

టీచరు చెయ్యి పైకెత్తింది. చెయ్యి దిగింది.

వేదిక మీద అన్ని నోళ్లూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. పెదాలు కదిలాయి. కనుబొమలు లేచాయి. చప్పుడు లేదు.

మైకాయన చెయ్యి అలవాటు కొద్దీ తీగ మీదికి పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది. పాడగలిగినవాళ్లూ, పాడలేనివాళ్లూ, పొడుగుపిల్లా, మొదటి వరుసలో బంగారు గొంతని పేరున్న బొద్దుపిల్లా, అందరూ పెదాలే. టీచరు చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగింది. ఆగి, ఆపకుండా, ఆ లేని పాటకు తాళం వేస్తూ సాగిపోయింది.

"ఏమయ్యా," అన్నాడు కార్యదర్శి వెనక్కి తిరిగి. "వినపడదేం? పెంచు."

మైకాయన మీట పెంచాడు.

"ఇంకా."

ఇంకా పెంచాడు. మీట చివరికంటా పోయింది. ఇన్నేళ్లలో ఏ గొంతుకూ ఆయన అంత దూరం జరపవలసిన అవసరం రాలేదు. స్పీకర్లు సన్నగా జుమ్మన్నాయి. ఆ జుమ్మనే మోతలోంచి ఒక చప్పుడు పైకి లేచింది.

ఊపిరి. అంతమంది పిల్లల ఊపిరి, ఒక్కసారిగా, ఒక్క రొమ్ములోంచి తీసినట్టు. ఆయన కళ్లు రెండో వరుసకు పోయాయి. కూతురి భుజం కొంచెం లేచింది. హాలంతా ఊపిరి పీల్చింది. భుజం దిగింది. హాలంతా వదిలింది. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. ఇన్ని సభలు విన్న చెవులు, ఇన్ని వేల గొంతులు మోసిన తీగలు, ఇంత శుద్ధమైనది ఎన్నడూ మోయలేదు.

ఆ ఊపిరి మధ్య ఒక చిన్న కిసుక్కు. ఆపుకోబోయి ఆపుకోలేక జారిపోయిన నవ్వు. హాలు నాలుగు మూలలా మోగింది. అది ఎవరిదో ఆయనకొక్కడికే తెలిసి ఉండాలి. ఇంట్లో ఆ నవ్వు విని ఎంతకాలమైందో లెక్క కూడా లేదు.

కార్యదర్శి లేచి నిలబడ్డాడు. "ఎవరది? మైకు పనిచేస్తోందన్నమాట. అంతా కలిసి నాటకమాడుతున్నారన్నమాట. ఏమయ్యా, మైకు బాగానే ఉందిగా?"

హాలులో అందరూ ఆయనవైపు చూశారు. గంట కూడా చూసింది. వారంగా తనవైపు చూడని కళ్లు.

"లేదండీ," అన్నాడు మైకాయన. "చెడిపోయింది."

"చెడిపోయిందా? ప్రాణం పోయినా అబద్ధం చెప్పదన్నావు."

"ప్రాణమే పోయిందండీ."

కార్యదర్శి నమ్మలేదు. గబగబా వేదిక ఎక్కి మైకు తన మొహం మీదికి వంచుకున్నాడు. మైకాయన బొటనవేలు మైకును ఆపే మీట మీద ఉంది. అది నొక్కితే ఈ హాలూ పోతుంది, ఊళ్లో ఇంతకాలం నిలబెట్టుకున్న పేరూ పోతుంది. నొక్కాడు.

దూరాన వేదిక మీద కార్యదర్శి పెదాలు మాత్రం కదిలాయి. ఏదో గట్టిగానే అంటున్నాడు, వేలితో తడుతున్నాడు, మొహం కందగడ్డలా అయింది. ఆ సన్నటి గొంతు అంత పెద్ద హాలులో సగం దూరమైనా రాలేదు. మూడో వరుసలో ఎవరికో మేక గొంతుతో నవ్వు పుట్టింది. ఇక ఆగలేదు.

కార్యదర్శి దిగాడు. నడవా పొడవునా వచ్చి పెట్టె ముందు నిలబడి, ఈసారి మైకు అక్కర్లేనంత దగ్గరగా అన్నాడు.

"ఇంకో మైకాయన్ని తీసుకొస్తున్నాను. వాడి సెట్టుతోనే పరీక్ష. పాడనివాళ్లు ఇవాళ్టితో సరి. ఎవరూ పాడకపోతే బృందమే సరి. నేనొచ్చేదాకా ఒక్కరూ కదలడానికి వీల్లేదు."

పెద్ద తలుపు అతని వెనక ధడాలుమంది.

నవ్వులు ఆగిపోయాయి. టీచరు చెయ్యి దించి, వేదిక అంచున మెల్లగా కూర్చుంది. పిల్లలు వరుసల్లోనే నిలబడి ఉన్నారు.

గంట వేదిక దిగింది. ఖాళీ కుర్చీల మధ్యనుంచి తండ్రి దగ్గరికి నడిచి వచ్చింది. ఆయన నవ్వబోయాడు. ఆ పిల్ల నవ్వలేదు. నీలం కండువా ముడి సరిచేసుకుని, మూడో వరుసలో ఆ సందును వేలితో చూపించింది.

"మా వరుసల్లో ఒకరు తక్కువ నాన్నా," అంది. "నీవల్లే. వస్తావా?"

బయట వీధిలో అప్పుడే సామాను బండి ఆగిన చప్పుడైంది. ఎవరో స్పీకరు పెట్టె దించుతున్నారు. మైకాయన బొటనవేలు ఇంకా మీట మీదే ఉంది; ఆ సందులో నిలబడాలంటే దాన్ని వదలాలి.